నడుం వంచని కోడలు

గౌరమ్మ నోరు తెరిచిందంటే ఆడవాళ్ళ సర్జరీ వార్డులో ఇరవై మంచాలకూ కాలక్షేపమే. ఆమె తిట్టేది ఎప్పుడూ ఒక్క మనిషినే. ఆ మనిషి తొమ్మిదో నంబరు మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిట్లు తనకు కానట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. పేరు నంజమ్మ, వయసు ముప్పై నాలుగు. హొసకోటె అవతల పల్లెలో వాళ్ళకు మూడెకరాల కనకాంబరం తోట, కొంచెం రాగిచేను. పిత్తాశయంలో రాళ్ళున్నాయని సోమవారం ఆసుపత్రిలో చేరింది. గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్.

"నా కోడలు నడుం వంచదప్పా," అని బుధవారం పదకొండు గంటలకు గౌరమ్మ మళ్ళీ ఎత్తుకుంది. "మూడేండ్లాయ. వాకిట్లో పేడనీళ్ళు చల్లి నిలబడతాది, ముగ్గు మాత్రం నేనే ఎయ్యల్ల. కసువు ఊడ్చమంటే పరకకు బారెడు కట్టె కట్టుకోనుండాది, మహారాణి! పూచికపుల్ల తీసి అవతల పెట్టదు."

పక్క మంచాలవాళ్ళు పొట్టల మీది కుట్లు పట్టుకుని మరీ నవ్వారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ గౌరమ్మ తిట్టిన నోటితోనే కోడలిని బుజ్జగించి సంగటిముద్ద తినిపించడం కూడా వార్డంతా చూసింది. ఆమె తిట్లలో కారం ఎక్కువే గానీ విషం లేదు.

స్టాఫ్ నర్సు కృప అప్పుడు నంజమ్మకు బీపీ చూస్తోంది. కృపది మదనపల్లె. నర్సింగు చదువుకని బెంగుళూరు వచ్చి, చదువయ్యాక పాత మద్రాసు రోడ్డు మీది ఈ ఆసుపత్రిలోనే ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. మంచి పనిమంతురాలు, కొంచెం తొందర మనిషి. బీపీ నూట ఇరవై నాలుగు, ఎనభై. చార్టులో రాసుకుంది. సోమవారం నుంచి ఇది ఆరోసారి, ఆరుసార్లూ అటూ ఇటూగా అంతే.

"సిస్టరమ్మా, నువ్వే చెప్పు. బద్ధకానికేమన్నా మందుండాదా మీ తావ?" అని గౌరమ్మ ఆమెను కూడా ఆటలోకి లాగింది.

"ఉంటే ముందు నేనే మింగుతా కదమ్మా," అని కృప కూడా నవ్వింది.

"బలం లేక గాదప్పా! నెత్తికెత్తితే నలభై కిలోల రాగిమూట కొట్టందాకా మోసకపోతాది. పోయినేడు నాకు కాలు బెణికితే నన్నే వీపుకెత్తుకోని బస్సు నిలిచే తావుకు నడిచింది. మూటలోనించి రాలిన గింజలు ఏరమంటే మాత్రం ఏరదు. అదేం మనిషో!"

కృప స్టెతస్కోపు మడుస్తూ ఆగిపోయింది. పనిదొంగ నడుం వంచడు, నిజమే. మరి పనిదొంగ రాగిమూట ఎందుకు మోస్తాడు? మూట మోయడం కన్నా కూర్చుని గింజలేరడం ఎంత సుఖం! ఒళ్ళు దాచుకునే మనిషి ఎవరైనా బరువు పని తప్పించుకుని తేలిక పని పట్టుకుంటుంది. ఈమె తిరగేసి చేస్తోంది.

కృప నంజమ్మ పక్కన మంచం మీద కూర్చుంది. "నంజమ్మా, నిజంగానే నువ్వు వంగవా? వంగితే ఏమవుతాది నీకు?"

నంజమ్మ కిటికీ నుంచి ముఖం తిప్పింది. "గాబరి అవుతాది సిస్టరమ్మా."

ఆ మాట కృప సోమవారమే వింది. చేర్చుకున్న డ్యూటీ డాక్టరు ఉత్తరాది కుర్రాడు, అతనికి తెలుగూ రాదు, కన్నడమూ రాదు. గాబరి అంటే ఏమిటని కృపనే అడిగాడు. వెనక ఇంకో నలుగురు పేషంట్లు నిలబడి ఉన్నారు. "యాంగ్జైటీ, సార్," అని ఒక్క ముక్కలో చెప్పింది. అతను అదే రాసుకుని, నిద్రకు మాత్ర రాశాడు. కన్నడంలో గాబరి అంటే భయమే, కంగారే. కానీ మదనపల్లెలో కృప నాయనమ్మ మెట్లెక్కి వచ్చి రొమ్ము మీద చెయ్యి వేసుకుని అనే మాట కూడా గాబరే. అది మనసుది కాదు, ఒంటిది. ఆ సంగతి డాక్టరుకు తెలియకపోవచ్చు, కృపకు బాగా తెలుసు.

"గాబరి అంటే భయమా?"

"భయమేంటికి సిస్టరమ్మా, మన ఇండ్లో మనకు? వంగి రెండు గీతలు గీస్తే చాలు, ఈడ రొమ్ములో రోకలితో దంచినట్ల గుద్దుతాది. తల పగిలిపోతాది. రవిక తడిసి పిండే మాదిరి చెమట. చేతులు చూసుకుంటే సున్నం మాదిరి తెల్లగుంటాయి. కాసేపు పండుకుంటే అదే పోతాది. పోయినాంక ఎవురికి చెప్పినా నమ్మరు."

"ఇదంతా మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పితి గదా," అంది నంజమ్మ. "గాబరి అని."

కృపకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆమెకు ఈ లక్షణాలు కొత్త కావు. రెండేళ్ళ కిందట, తొంభై నాలుగులో, థియేటరు డ్యూటీలో ఉన్నప్పుడు వెంకటగిరియప్ప అని ఒక బస్సు కండక్టరు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. చిన్న ఆపరేషన్. టికెట్ల మీద జోకులు వేస్తూ బల్ల ఎక్కాడు. మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేశారో లేదో బీపీ రెండు వందల ఎనభై దాటింది. కత్తి పెట్టకముందే మనిషి పోయాడు. పోస్టుమార్టంలో తేలింది. మూత్రపిండం నెత్తిన చిన్న టోపీలాగా అడ్రినల్ గ్రంథి అని ఒకటి ఉంటుంది. దాంట్లో నిమ్మకాయంత గడ్డ. ఫియోక్రోమోసైటోమా అని దాని పేరు. అది ఉన్నవాళ్ళకు గుండె దడ, తలనొప్పి, చెమట వచ్చి పోతుంటాయని కృప ఆ తర్వాత పుస్తకంలో చదువుకుంది. క్యాన్సరు కాదు, మామూలు గడ్డే. తీసేస్తే జబ్బు పోతుంది, ముందుగా తెలిస్తే మందులతో అణిచిపెట్టి భద్రంగా తీయవచ్చు. తెలియకపోతే మాత్రం నడుం వంచి దాని మీద ఒత్తిడి తగిలినప్పుడల్లా, మత్తు ఇచ్చినప్పుడు మరీనూ, రక్తంలోకి హార్మోను గుమ్మరించి రక్తపోటును ఆకాశానికి ఎక్కిస్తుంది. లక్షల్లో ఎవరికో వస్తుందని డాక్టర్లు సర్దిచెప్పుకున్నారు. ఎవరికో వచ్చేది ఎవరికో ఒకరికి రావాల్సిందే కదా.

గడియారం పన్నెండు చూపిస్తోంది. రేపు ఎనిమిదింటికి నంజమ్మ అదే బల్ల ఎక్కుతుంది. కృప చార్టు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

సర్జన్ డాక్టర్ ఆదినారాయణప్పది ముళబాగిలు. చెయ్యి చల్లనిది, నోరు వేడి అని పేరు. వెంకటగిరియప్ప పోయిన రోజు చేతికి గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉన్నది ఆయనే. కృప చెప్పిందంతా కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"గాడిద పని గాడిద చెయ్యల్ల, కుక్క పని కుక్క చెయ్యల్ల," అన్నాడు. "డయాగ్నోసిస్ నాది, చార్టు నీది. ఏముండాది నీ చార్టులో? ఆరు రీడింగులూ నార్మల్. రాళ్ళ స్కానులో గూడా వేరే ఏమీ రాయలే."

"కూర్చోబెట్టో పడుకోబెట్టో తీసినవి సార్. వంగినప్పుడు ఎవరూ తీయలేదు. మూత్రంలో ఆ హార్మోను ఉందేమో టెస్టుకు పంపించి..."

"ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి బొంబాయికి పంపిస్తే రిజల్టు వచ్చేకి పది దినాలు. అంతలో ఆ రాళ్ళకు చీము పట్టి జొరమొస్తే ఎవురు జవాబు చెప్పేది? నువ్వా? అత్త తిట్టిందని ఆపరేషన్ ఆపినా అని రాయల్లనా నేను?"

"సార్, వెంకటగిరియప్పకు కూడా..."

"ఆ పేరు ఎత్తొద్దు."

గొంతు పెద్దది కాలేదు. అందుకే కృపకు ఎక్కువ భయం వేసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఒక్క రీడింగు చూపించు. ఒక్కటంటే ఒక్కటి. ఆపేస్తా. రెండింటికి రౌండ్సుకొస్తా."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ ఒక్క రీడింగు కావాలంటే నంజమ్మను వంచాలి. వంచితే బీపీ పెరుగుతుంది. పెరిగితే మెదడులో నరం చిట్లదని ఎవరు చెప్పగలరు? నరం చిట్లితే చంపింది గడ్డ కాదు, కృప.

మత్తు డాక్టరు అర్పిత క్యాంటీనులో దొరికింది. బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, మాటల్లో సగం ఇంగ్లీషు. అంతా విని చేతిలోని వడను ప్లేట్లో పెట్టేసింది.

"కావాలని రెచ్చగొట్టడం వెరీ డేంజరస్, సిస్టర్. బుక్స్‌లో చేయొద్దనే ఉంటుంది."

"తెలుసు డాక్టర్."

"కానీ రేపు ఎయిట్ ఓ క్లాక్‌కి ఆమెకి మత్తు ఇవ్వాల్సింది నేను. తెలీకుండా ఇవ్వడం దానికన్నా డేంజరస్." అర్పిత లేచి నిలబడింది. "నరానికి సూది పెట్టు. బీపీ దించే డ్రిప్ రెడీగా ఉంచు, నాలుక కింద వేసే క్యాప్సూల్ నా జేబులో ఉంటుంది. ఒక్క నిమిషం కూడా ఎక్కువ వద్దు. పేషంటుకి మాత్రం అంతా చెప్పు, ఏదీ దాచొద్దు."

కృప చెప్పింది. గడ్డ సంగతి, బల్ల మీద జరగగలిగేది, ఇప్పుడు వంగితే జరగగలిగేది, అన్నీ. నంజమ్మ చేతులు ఒళ్ళోంచి తీయకుండా వింది.

"నేను వంగేటప్పుడు నువ్వు చూస్తా ఉంటావా సిస్టరమ్మా?"

"పక్కనే ఉంటా."

"అయితే వంగుతా. మూడేండ్లు నాకేమైతాదో ఎవురూ నిలబడి చూల్లేదు."

కృప నంజమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.

రెండింటికి పదిహేను నిమిషాలుండగా డ్రెస్సింగు గదిలో తలుపు వేశారు. నంజమ్మ ఎడమ చేతికి బీపీ పట్టీ చుట్టి, పాదరసం డబ్బాను స్టూలు మీద పెట్టారు. కుడి చేతికి సుద్దముక్క ఇచ్చారు. ఊరికే వంగమంటే ఎవరూ సరిగా వంగరు, ముగ్గు వేయమంటే వంగుతారని అది కృప ఆలోచన. తన కోడలిని ఎక్కడికి తీసుకుపోతున్నారోనని గౌరమ్మ వెంటపడి లోపలికి వచ్చేసింది. ఆమెను బయటికి పంపే ఓపిక ఎవరికీ లేదు.

నంజమ్మ గొంతుక్కూర్చుని నాలుగు చుక్కలు పెట్టింది. నూట ముప్పై. చుక్కల చుట్టూ గీత తిప్పింది. నూట ఇరవై ఎనిమిది. ఇంకో వరస. నూట ముప్పై రెండు. అర్పిత కృప వైపు చూసింది. కృప చేతులు చెమటతో తడిసి రబ్బరు బుడ్డి జారుతోంది. తలుపు తెరుచుకుంది.

"ఏందిది? ముగ్గుల పోటీనా?" డాక్టర్ ఆదినారాయణప్ప నేల మీది చుక్కలను, పాదరసాన్ని, నర్సును వరసగా చూశాడు. "ఎంత?"

"నూట ముప్పై రెండు సార్."

"సరే. అయిపోయింది గదా. రేపు మొదటి కేసు ఇదే."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆ గదిలో మాటలు వెతుక్కోనక్కర్లేని మనిషి ఒక్క గౌరమ్మే.

"అట్ల గాదప్పా!" అని ఆమె చెయ్యి విసిరింది. "కూర్చోని ఏమారుస్తా ఉండాది, మీకెవురికీ తెలీదు. ఇంట్లో గూడా ఇదే యవ్వారం. అది ముగ్గేసే తీరేనా? నిలబడుకోని, కాళ్ళు చాపి, నడుం వంచి ఎయ్యమను. నేనేసినట్ల!"

కృప చప్పున తల ఎత్తింది. నంజమ్మ అత్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఇక తప్పదన్న భయం మాత్రం ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, నడుం వంచి సుద్దముక్క నేలకు ఆనించింది.

ఒక గీత. రెండో గీత. మూడో గీత మధ్యలో సుద్దముక్క విరిగింది.

"వచ్చె," అంది నంజమ్మ.

ముఖంలో రక్తమన్నది లేకుండా పోయింది. నుదుటి మీది చెమట బొట్లు బొట్లుగా చుక్కల ముగ్గు మీద పడింది. కృప బుడ్డి పిసికింది. రెండు వందలు దాటినా చెవిలో చప్పుడు ఆగలేదు. ఇంకా పిసికింది. రెండు వందల ఇరవై. నలభై. పాదరసం గొట్టంలో ఆమె ఎన్నడూ చూడని చోటికి ఎక్కింది. రెండు వందల అరవై దగ్గర చప్పుడు దొరికింది, నూట నలభై దగ్గర పోయింది.

"సార్, మీరే వినండి," అని స్టెతస్కోపు తీసి సర్జన్ చేతిలో పెట్టింది. పెట్టడమేమిటి, విసిరినంత పని చేసింది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని విన్నాడు. ఒక్కసారే విన్నాడు. "పడుకోబెట్టండి," అన్న ఆయన గొంతు పీలగా వచ్చింది.

అర్పిత అప్పటికే నంజమ్మను బల్ల మీదికి చేర్చి క్యాప్సూల్ నాలుక కింద చిదిమింది. డ్రిప్ వదిలారు. రెండు వందల నలభై. నంజమ్మ తల పట్టుకుని మూలుగుతోంది. రెండు వందల ముప్పై. "నంజమ్మా, నా చెయ్యి గట్టిగా పట్టుకో, రెండు చేతులతో పట్టుకో," అని కృప పదే పదే అడిగింది. రెండు చేతుల్లోనూ పట్టు సమానంగా ఉందా లేదా అన్నదే ఆమె భయం. ఒక పక్క పట్టు సడలిందంటే నరం చిట్లినట్టే. రెండు వందలు. పట్టు సడలలేదు. నూట డెబ్బై. పది నిమిషాలకు నూట నలభై. నంజమ్మ పెదాలకు రంగు వచ్చింది, మంచినీళ్ళడిగింది.

గౌరమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మూడేళ్ళలో ఇలాంటివి ఆమె ఎన్ని చూడలేదు? చూసిన ప్రతిసారీ నాటకమనుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు స్టూలు మీది గొట్టం వైపు వేలు చూపించింది.

"ఆ పాదరసం ఏంటికి అంత మీదికి పోయింది?"

"ఇదేనమ్మా గాబరి అంటే," అంది కృప. "వంగితే మీ కోడలి ప్రాణం మీదికొస్తాది. బద్ధకం కాదు."

గౌరమ్మ గోడ వెంబడే జారి, ఆ సగం ముగ్గు పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

డాక్టర్ ఆదినారాయణప్ప చార్టు తెప్పించుకుని గురువారం ఆపరేషన్ అన్నచోట తన చేత్తోనే అడ్డంగా గీత కొట్టాడు. కలం మూత పెడుతూ, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "వెంకటగిరియప్పకు గూడా చెమటలు పోస్తాయని వాళ్ళ ఇంటామె చెప్పింది సిస్టర్. డ్యూటీ బడలిక అన్నెను నేను." అంతే, వెళ్ళిపోయాడు. కృపకు ఆయన మీద ఉన్న కోపం ఆ మాటతో సగం పోయింది. మిగతా సగం తన మీదికే తిరిగింది. ఆ రోజు డ్యూటీ దిగేముందు కేసుషీటులో యాంగ్జైటీ అన్న మాట కింద, నంజమ్మ చెప్పింది చెప్పినట్టుగా నాలుగు వరసలు రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టింది.

ఈసారి తీసిన పెద్ద స్కానులో కుడి మూత్రపిండం మీద బత్తాయంత గడ్డ కనబడింది. మూత్రం పట్టే ఐదు లీటర్ల క్యానుకు గౌరమ్మ ఒక పగలూ ఒక రాత్రీ కాపలా కాసింది. ఊడ్చే ఆయమ్మ దాన్ని పక్కకు జరపబోతే ఇల్లెక్కి కూసినంత పని చేసింది. బొంబాయి నుంచి రిజల్టు వచ్చేదాకా, వచ్చాక ఇంకో రెండు వారాలు, రక్తనాళాలను వదులు చేసే మాత్రలిచ్చారు. గుండె దడ తగ్గించే మాత్రలు ముందే ఇస్తే మొదటికే మోసమని అర్పిత డ్యూటీ డాక్టర్లందరికీ పేరుపేరునా చెప్పింది. ఆపరేషన్‌కు నాలుగు గంటలు పట్టింది. సర్జన్ చెయ్యి గడ్డకు తగిలినప్పుడల్లా బీపీ ఎగిసింది, ఎగిసినప్పుడల్లా ఆయన చెయ్యి తీసి ఆగాడు, అర్పిత దించాక మళ్ళీ మొదలుపెట్టాడు. గడ్డతోపాటు రాళ్ళున్న పిత్తాశయమూ బయటికి వచ్చింది. క్యాన్సరు కాదని రిపోర్టు వచ్చిన రోజు గౌరమ్మ వార్డులో ఇరవై మంచాలకూ మైసూరుపాకు పంచింది, తిట్టడం మాత్రం మరిచిపోయింది.

ఆ మరుసటి సాయంత్రం చూడటానికి వచ్చేవాళ్ళతో వార్డు సందడిగా ఉంది. పదకొండో మంచం ఆమె కోసం లక్ష్మమ్మ అని ఒక పెద్దావిడ చందాపుర నుంచి వచ్చింది. వెంట వచ్చిన కోడలు క్యారియరు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల అటు పోగానే లక్ష్మమ్మ ఇటు మొదలుపెట్టింది. "ఏం చెప్పమంటావక్కా, మా కోడలికి పనంటే గిట్టదు, పొద్దునలేస్తే నడుం వంచదు."

గౌరమ్మ ఉలిక్కిపడి లేచింది. "సిస్టరమ్మా! ఈయమ్మ కోడలు గూడా నడుం వంచదంట. ఆ పాదరసం డబ్బా ఎత్తుకోని రా!"

వార్డంతా గొల్లుమంది. లక్ష్మమ్మ ముఖం ముడుచుకుంది. "మా దానికేం రోగమమ్మా, రాయి మాదిరుండాది. ఉట్టి బద్ధకం."

"నేనూ అట్లే అన్నెను," అంది గౌరమ్మ. "మూడేండ్లు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తొమ్మిదో మంచం మీద నంజమ్మ అత్త కొంగు పట్టుకుని కూర్చోమన్నట్టు లాగింది. గౌరమ్మ కూర్చోలేదు. నర్సు వైపే చూస్తూ నిలబడింది.

కృపకు కూడా ముందు నవ్వే వచ్చింది. ఈ వార్డులో తాను ఇదే మాటకు ఒకసారి నవ్వింది కదా అని గుర్తొచ్చి ఆగిపోయింది. బల్ల మీది బీపీ డబ్బా తీసి చంకలో పెట్టుకుంది.

"ఏ కుళాయి దగ్గరుందమ్మా ఆ పిల్ల?" అని అడిగింది.